పాటకూ మోతాదు కావాలి

సంగీతంతో జబ్బులు నయమవుతాయన్న ప్రచారం మళ్ళీ జోరందుకుంది. ఫలానా పౌనఃపున్యంలో ధ్వని వింటే కణాలు బాగుపడతాయని ఒకరు, ఫలానా రాగం వింటే రక్తపోటు దిగుతుందని ఇంకొకరు, గర్భిణి పొట్ట దగ్గర స్పీకరు పెడితే మేధావి పుడతాడని మరొకరు చెబుతున్నారు. ఇవన్నీ చూసి విసిగిపోయిన వైద్యులు మొత్తం వ్యవహారాన్నే కాలక్షేపం కింద కొట్టిపారేస్తున్నారు. ఈ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నవాడు రోగి. నిజంగా పనిచేసే చికిత్స అతని మంచం దాకా రావడం లేదు. కొన్ని జబ్బుల్లో, కొన్ని పద్ధతుల్లో, శిక్షణ పొందిన మనిషి చేతిలో సంగీతం అచ్చమైన మందు. మందు అన్నాక దానికి మోతాదు ఉండాలి, చీటీ మీద రాయాలి, రాసినదానికి డబ్బు చెల్లించాలి. ఈ మూడూ ఇవ్వకుండా దాన్ని పొగిడినా తెగిడినా ఒకటే.

ముందు మహిమల సంగతి తేల్చేద్దాం. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం వెలువడింది. 36 మంది కళాశాల విద్యార్థులకు మోజార్ట్ సొనాటా పది నిమిషాలు వినిపించి, ఆకృతులను మనసులో మడతపెట్టి విప్పే తరహా పరీక్ష పెట్టారు. ఫలితం కాస్త మెరుగ్గా వచ్చింది. పది పదిహేను నిమిషాల్లో ఆ మెరుగు కరిగిపోయింది. అందులో పసిపిల్లల ఊసే లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం ఇవ్వడానికి బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగారు. పసిపిల్లల మెదడుకు పదును పెడతామనే సీడీల వ్యాపారం దాని చుట్టూ పెరిగింది. సంగీత చికిత్స పేరు చెప్పగానే వైద్యుడి ముఖంలో ఇవాళ కనిపించే అనుమానానికి ఈ వ్యాపారమే చాలావరకు బాధ్యత వహించాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. మెదడు ఎడమ అర్ధభాగంలో, ముందువైపు, రక్తప్రసారం ఆగి కణాలు చచ్చిపోతే కొందరికి మాట పడిపోతుంది. దీన్ని బ్రోకా అఫేసియా అంటారు. ఎదుటివాళ్ళ మాట అర్థమవుతుంది. తాను ఏమి చెప్పాలనుకుంటున్నాడో రోగికి తెలుసు. పదం మాత్రం నోటికి రాదు. గొంతు బాగుంటుంది, నాలుక ఆడుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటాయి, వచ్చేది ఒక అక్షరమో రెండక్షరాలో. అదే మనిషి ఎప్పుడో చిన్ననాడు నేర్చిన పాట అందుకుంటే మాటలు వరుసగా, స్పష్టంగా వచ్చేస్తాయి. ఈ సంగతి కొత్తది కాదు. 1745లోనే స్వీడన్‌కు చెందిన ఊలోఫ్ దాలిన్, జబ్బు చేసి మాట పోయిన ఒక వ్యక్తి ప్రార్థన గీతాలను మాత్రం ఆరోగ్యవంతుడిలా పాడటాన్ని నమోదు చేశాడు. రెండు వందల ఏళ్ళకు పైగా అది వింతగానే మిగిలిపోయింది. 1973లో బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ కలిసి ఆ వింతను ఒక పద్ధతిగా మలిచారు. దాని పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ.

ఈ చికిత్స జరిగే తీరు తెలిస్తే దాన్ని ఎవరూ కాలక్షేపం అనరు. చికిత్సకుడు రోగికి ఎదురుగా, ముఖం కనిపించేలా కూర్చుంటాడు. రోగి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంటాడు. కుడి చేయి చాలామందిలో అప్పటికే పడిపోయి ఉంటుంది. 'నీళ్ళు కావాలి' అన్న చిన్న వాక్యం అనుకుందాం. మాట్లాడేటప్పుడు సహజంగా ఊనిక పడే అక్షరాన్ని పై స్వరంలో, మిగిలినవాటిని కింది స్వరంలో, రెండే స్వరాల మీద, ముందు మాట లేకుండా కూనిరాగంగా తీస్తాడు. ఒక్కో అక్షరానికీ ఒక్కో తట్టు, బల్ల మీద, రోగి చేత్తోనే. తర్వాత మాటలు పెట్టి ఇద్దరూ కలిసి పాడతారు. ఆ తర్వాత సగంలో చికిత్సకుడి గొంతు తగ్గిపోతుంది, రోగి ఒక్కడే ముగించాలి. మరో మెట్టులో చికిత్సకుడు పాడి ఊరుకుంటాడు, రోగి తిరిగి పాడాలి. చివర్లో 'మీకు ఏమి కావాలి?' అని అడుగుతాడు. జవాబు రోగి నోటి నుంచి రావాలి. ఆ జవాబులోంచి కూడా వారాల తరబడి పాటను కొద్దికొద్దిగా తీసేసి, మామూలు మాటకు దగ్గర చేస్తారు. ఇది గానకచేరీ కాదు. మెట్లు, గడువులు, కొలతలు ఉన్న శ్రమ. గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ బృందం పాటించిన విధానంలో రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు, మొత్తం 75 విడతలకు పైగా సాగుతుంది. 2009లో ఆ బృందం ఆరుగురు రోగుల మెదళ్ళను చికిత్సకు ముందూ తర్వాతా పరీక్షించి, కుడి అర్ధభాగంలో వినికిడినీ కదలికనూ కలిపే నరాల కట్ట బలపడిందని ప్రకటించింది. ఆరుగురు తక్కువే, ఒప్పుకుంటాను. స్వరం వల్ల మేలు జరుగుతోందా, లయ వల్లనా అన్న చర్చ కూడా పరిశోధకుల్లో నడుస్తోంది. నడవనివ్వండి. 2011 జనవరిలో తలలో తూటా దిగి మాట కోల్పోయిన అమెరికా ప్రజాప్రతినిధి గాబ్రియెల్ గిఫర్డ్స్ మళ్ళీ మాటలు కూడగట్టుకున్న క్రమంలో సంగీత చికిత్సకు చోటుందని ప్రపంచమంతా చూసింది. ఆమెకు ఆ అవకాశం దక్కింది. అదే దెబ్బ తిన్న మామూలు మనిషికి ఇలాంటి చికిత్స ఒకటి ఉందన్న కబురైనా అందదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నడక విషయంలో ఆధారాలు ఇంకా గట్టివి. పార్కిన్సన్స్ జబ్బులో మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా దెబ్బతింటుంది. అడుగు తర్వాత అడుగు ఎప్పుడు పడాలో లోపల నుంచి చెప్పే వ్యవస్థ అది. అది సన్నగిల్లితే అడుగులు పొట్టివవుతాయి, గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. లోపలి తాళం తప్పినవాడికి బయటి తాళం అందిస్తే? మైకేల్ థౌట్ బృందం 1996లో ఇదే పరీక్షించింది. మూడు వారాల పాటు రోగులు రోజూ అరగంట, లయ బలంగా వినిపించే సంగీతానికి అడుగులు కలుపుతూ నడిచారు. వాళ్ళ నడక వేగం 25 శాతం పెరిగింది. లయ లేకుండా అంతే సాధన చేసినవారిలో పెరిగింది 7 శాతం. కారణం మహిమ కాదు. సమాన ఎడంతో నాలుగు చప్పుళ్ళు వింటే ఐదోది ఎప్పుడు పడుతుందో మెదడు ముందే పసిగడుతుంది. ఆ క్షణానికి కండరం సిద్ధమై ఉంటుంది. చెవికీ కాళ్ళకూ మధ్య ఉన్న ఈ దారి, జబ్బు పాడుచేసిన దారికి పక్కగా వెళుతుంది.

ఇక్కడ మోతాదు ఎలా కడతారో గమనించండి. రోగిని ముందు తన ఇష్టం వచ్చినట్టు నడిపించి నిమిషానికి ఎన్ని అడుగులో లెక్కపెడతారు. ఎనభై అనుకుందాం. సమాన ఎడంతో చప్పుడు చేసే మెట్రోనోమ్ అనే పరికరాన్ని ఆ ఎనభైకే కట్టి, అడుగు తాళంలో కుదిరే దాకా ఆగుతారు. తర్వాత ఐదు నుంచి పది శాతం పెంచుతారు, అంటే 84 నుంచి 88. అది నిలకడగా కుదిరాక మళ్ళీ కొంచెం. చివర్లో తాళం ఆపేసి, లేకుండా నిలుస్తుందో లేదో చూస్తారు. పాట ఎంత మధురంగా ఉందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. తప్పు వేగం ఉన్న గొప్ప పాట ఆ రోగిని కింద పడేయగలదు.

మందు అనడానికి నా దృష్టిలో అతి పెద్ద నిదర్శనం కూడా ఇదే: సంగీతం హాని చేయగలదు. కొందరికి కొన్ని రకాల సంగీతం వింటే మూర్ఛ వస్తుంది. 1937లో మెక్‌డొనాల్డ్ క్రిచ్లీ దానికి మ్యూజికోజెనిక్ ఎపిలెప్సీ అని పేరు పెట్టాడు. డిమెన్షియా రోగిని ఒక పాట సేదదీరుస్తుంది, ఇంకో పాట చచ్చిపోయిన మనిషిని గుర్తుచేసి రోజంతా ఏడిపిస్తుంది. నెలలు నిండని పసికందుల వార్డులో శబ్దం సగటున 45 డెసిబెళ్ళు దాటకూడదని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ సిఫారసు. ఆ వార్డులో స్పీకరు తగిలించి పొద్దస్తమానం పాటలు పెట్టడం చికిత్స అనిపించుకోదు. ఆ పసికందులకే, 2013లో వెలువడిన అధ్యయనంలో, 11 ఆసుపత్రుల్లోని 272 మంది పిల్లల మీద శిక్షణ పొందిన చికిత్సకుల ఆధ్వర్యంలో, బిడ్డ ఊపిరికి అనుగుణంగా సర్దుకుంటూ, తల్లిదండ్రులు ఎంచుకున్న జోలపాటలను అక్కడికక్కడ పాడారు. గుండె వేగం నెమ్మదించింది, పాలు చప్పరించే తీరు మెరుగైంది. రెండు సందర్భాల్లోనూ వార్డులో వినిపించింది పాటే. ఒకచోట బిడ్డను గమనిస్తున్న మనిషి ఉన్నాడు, ఇంకోచోట గోడకు డబ్బా ఉంది.

ఎదుటిపక్షం వాదన తీసిపారేసేది కాదు. ఆటిజం ఉన్న పిల్లల మీద తొమ్మిది దేశాల్లో 364 మందితో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. సంగీత చికిత్స వల్ల లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా తాను పాట వింటున్నానో లేదో రోగికి తెలియకుండా దాచలేం కనుక, మేలులో ఎంత నమ్మకం వల్ల, ఎంత చికిత్స వల్ల అన్నది విడదీయడం కష్టం. నిజమే. ఫిజియోథెరపీకీ ఇదే ఇబ్బంది ఉంది, శస్త్రచికిత్సల్లో అధికభాగానికీ ఉంది, వాటిని ఎవరూ వెలివేయలేదు. ఆటిజం ఫలితం నా వాదనను బలపరుస్తోందని కూడా నేను అంటాను. మహిమ ఎన్నడూ ఓడిపోదు, ఎందుకంటే దాన్ని ఎవరూ పరీక్షకు పెట్టరు. సంగీత చికిత్సకులు తమ పద్ధతిని తామే పరీక్షకు పెట్టి, ఆ కొలతలో అది నెగ్గలేదని ప్రచురించారు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో తేల్చుకోవడానికి సిద్ధపడినదాన్నే వైద్యం అంటారు.

మరి ఆధారాలు ఉన్నచోట కూడా అమలు ఎందుకు లేదు? 2015లో లాన్సెట్ పత్రిక, ఆపరేషన్ల సమయంలో సంగీతంపై జరిగిన 73 ప్రయోగాలను, సుమారు ఏడు వేల మంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గింది, ఆందోళన తగ్గింది, నొప్పి మందుల వాడకం తగ్గింది. పూర్తి మత్తులో ఉన్నవారికి వినిపించినా మేలు కనిపించింది. ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. యాజమాన్యాల పద్దులో ఖర్చు తగ్గినట్టు కనిపించేది ఆ రోజులే. రోగి నొప్పి ఎంత తగ్గిందన్న దానికి ఆ పద్దులో గడి లేదు.

నా అసలు ఫిర్యాదు సంగీతాన్ని దాటి వెళుతుంది. ఆధునిక వైద్యం డబ్బాలో పెట్టి అమ్మగలిగినదాన్ని చికిత్సగా, మనిషి గంటల కొద్దీ కూర్చుని చేసేదాన్ని సేవగా విభజించింది. సేవకు చప్పట్లు కొడుతుంది, జీతం ఇవ్వదు. కొత్త మందు ఒకటి మార్కెట్లోకి తేవడానికి వంద కోట్ల డాలర్లకు పైనే అవుతుందని కంపెనీలే చెప్పుకుంటాయి. ఆ డబ్బు పేటెంటు ఉన్నన్నాళ్ళూ రాబట్టుకోగలం కనుకే పెడతాయి. జోలపాటకు పేటెంటు లేదు. నిమిషానికి 88 చప్పుళ్ళకు యజమాని లేడు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు సంగీతం, మెదడు, ఆరోగ్యంపై పరిశోధనకు ఐదేళ్ళకు రెండు కోట్ల డాలర్లు ప్రకటిస్తే అది చరిత్రాత్మకమని వార్తలు వచ్చాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సంగీత చికిత్సలో మొదటి డిగ్రీ కోర్సు 1944లో మిషిగన్ స్టేట్‌లో మొదలైంది. ఎనిమిది దశాబ్దాలు దాటినా ఈ వృత్తిలో ఉన్నవారు వార్డులో తమ ఉనికికి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నారు. స్పీచ్ థెరపిస్టుది అదే గతి, ఫిజియోథెరపిస్టుది కొంచెం మెరుగు, రాత్రంతా రోగి చేయి పట్టుకుని కూర్చునే నర్సు శ్రమ ఏ బిల్లులోనూ విడిగా కనిపించదు. ఇప్పుడు ఫోను యాప్‌లు వచ్చి, నెల చందా కడితే చాలు మనిషి అక్కర్లేదంటున్నాయి. పెట్టుబడి ఉత్సాహంగా అటే పరుగెడుతోంది, ఎందుకంటే యాప్‌ను డబ్బాలో పెట్టవచ్చు.

మనిషి గంటకు వెల కట్టడం అసాధ్యమేమీ కాదు, న్యాయవాదులకు కడుతున్నాం. మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. 2008లో హెల్సింకీలో తేపో సార్కామో బృందం, మెదడు పోటుకు (స్ట్రోక్) గురైన 60 మందితో చేసిన అధ్యయనంలో ఒక వర్గం తమకు నచ్చిన పాటలను రోజుకు కనీసం గంట చొప్పున రెండు నెలలు విన్నది. కథలు విన్నవారికన్నా, ఏమీ విననివారికన్నా వాళ్ళలో మాటల జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా ఎక్కువగా కోలుకున్నాయి. కనుక మెదడు పోటు రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర కిందా, కొలెస్టరాల్ మాత్ర కిందా మరికొన్ని వరుసలు ఉండాలి. నచ్చిన పాటలు, రోజుకు గంట, రెండు నెలలు. నడక తడబడితే, నిమిషానికి ఇన్ని చప్పుళ్ళ లయతో అరగంట నడక, ఎప్పుడు ఎంత పెంచాలో తేదీతో సహా. మాట పోయి ఉంటే, శిక్షణ పొందిన చికిత్సకుడి దగ్గర వారానికి ఐదు రోజులు. కింద వైద్యుడి సంతకం. ఆ సంతకాన్ని బీమా సంస్థ మాత్రల చీటీని గౌరవించినట్టే గౌరవించి, చికిత్సకుడి గంటలకు డబ్బు చెల్లించాలి.