ఇంగ్లిష్ బడిలో వస్తోందా, ఇంట్లోంచి వస్తోందా?

ఇంగ్లిష్ మీడియం కావాలా వద్దా అన్న పంచాయితీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు తెగిపోయినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులకు ఇంగ్లిష్ మీడియం పెడుతూ 2019 నవంబరులో ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేస్తే, ఆ తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల్ని అడిగి, 96 శాతం మంది ఇంగ్లిషే కావాలన్నారని లెక్క చెప్పింది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి మొదలైంది. వద్దని ఉపన్యాసాలిచ్చినవాళ్ల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ఊరందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. మేం అడిగేది వేరు. మీడియం మారింది సరే, హైస్కూలు పిల్లలకి ఇంగ్లిష్ వస్తోందా? వస్తే ఎవరికి వస్తోంది?

ఏపీలో సర్కారు బడి సైన్సు పుస్తకం తెరిచి చూడండి. ఒక పేజీలో ఇంగ్లిష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. ఆలోచన మంచిదే, మేం తప్పుపట్టం. కానీ చాలాచోట్ల జరిగేదేమిటంటే, పిల్లలు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకుంటారు, పరీక్ష కోసం ఇంగ్లిష్ పేజీలోంచి జవాబు బట్టీ కొడతారు. ఇంగ్లిష్ పీరియడ్‌ కూడా ఇంచుమించు ఇంతే: సారు ఓ పేరా చదివి తెలుగులో చెప్తారు, జవాబులు బోర్డు మీద రాస్తే క్లాసంతా నోట్సులోకి ఎక్కిస్తుంది, ఇంటికెళ్లి గైడ్‌తో సరిచూసుకుంటుంది. బెల్లు కొట్టేదాకా ఒక్క పిల్లయినా సొంతంగా ఒక్క వాక్యం మాట్లాడాల్సిన పని పడదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇంగ్లిష్ మాట్లాడించి చూసే పరీక్ష లేదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు, మార్కులు వచ్చేస్తాయి.

మరి కొంతమందికి గడగడా మాట్లాడటం ఎలా వస్తోంది? ఇంట్లోంచి. నాన్న ఆఫీసు ఫోన్లు, అక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎల్‌కేజీ నుంచి చెవిన పడుతున్న మాటలు, అన్నిటికంటే ముఖ్యంగా తప్పు మాట్లాడినా నవ్వని మనుషులు. కూలికెళ్లే ఇంటి ఆడపిల్లకి సాయంత్రం అంట్లు, నీళ్లు, తమ్ముణ్ని చూసుకోవడం. ఆమెకి ఇంగ్లిష్ వినపడే చోటు బడిలో ఆ ఒక్క పీరియడే, అందులోనూ ముప్పాతిక వంతు తెలుగే. డబ్బున్నవాళ్లు ఫీజు కట్టి కొనుక్కునేది పాఠం కాదు, మాట్లాడే గంటలు. (ఫీజు కట్టిన ప్రతిచోటా అదీ దొరకదు. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసి, అదే ఇంగ్లిష్ నేర్పడం అనుకునే కాన్వెంట్లు మనకేం తక్కువ లేవు.)

ఈ తేడా ప్రభుత్వాలకు తెలియక కాదు. 2008లో పల్లె పిల్లల కోసం పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో సీట్లిచ్చేటప్పుడు సర్కారు బడి పిల్లల పదో తరగతి మార్కులకు డిప్రైవేషన్ స్కోరు (వెనకబాటుకు ఇచ్చే స్కోరు) పేరుతో అదనంగా కలుపుతున్నారు. అంటే పదో తరగతి అయ్యాక నష్టపరిహారం ఇస్తారు, ఆ నష్టం జరుగుతున్న ఆరు నుంచి పది దాకా మాత్రం చూస్తూ ఊరుకుంటారు. ఏపీలో 2023లో బడి పిల్లలకు టోఫెల్ (ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే అంతర్జాతీయ పరీక్ష) అన్నారు, ప్రభుత్వం మారాక పక్కనపెట్టారు. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, విని అర్థం చేసుకోవడం కూడా బడిలో నేర్పాల్సిందేనన్న ఆలోచన దాంతోపాటే పోయింది.

పబ్లిక్ పరీక్షల్లో ఇంగ్లిష్ మాట్లాడటానికి మార్కులు పెడితే సరిపోతుంది కదా అనొచ్చు. ఇప్పుడే వద్దంటాం. నేర్పకుండా పరీక్ష పెడితే ఇంట్లో వచ్చిన ఇంగ్లిష్‌కి ఇంకో ఇరవై మార్కులు ఊరికే వేసినట్టు. ముందు ఖాళీగా ఉన్న ఇంగ్లిష్ టీచరు పోస్టులు నింపండి. వారంలో రెండు పీరియడ్లు పుస్తకం మూసి, వినడానికీ మాట్లాడటానికీ వదలండి, అదీ క్లాసును సగం సగం చేసి. టీచర్లకు నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి సంతకాలు తీసుకుంటే కాదు. వాళ్లలో చాలామంది తెలుగు మీడియంలోనే చదివొచ్చారు, తప్పులతో మాట్లాడి సరిదిద్దుకునే చోటు వాళ్లకూ కావాలి. పోస్టులకు డబ్బు కావాలి, ఒప్పుకుంటాం. ఆ రెండు పీరియడ్లకు మాత్రం జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు హెడ్‌మాస్టరు, పైన డీఈవో ఒక మాట అనుకుంటే చాలు.