మహారాజశ్రీ సభాకంపం గారికి, చెప్పుల స్టాండు దగ్గర నుంచి

మహారాజశ్రీ సభాకంపం గారి సముఖానికి కాకినాడ నుంచి నమస్కరించి రాయు విన్నపాలు. ఉభయకుశలోపరి. మీ కుశలం మొన్న త్యాగరాజ ఆరాధన నాడు వేదిక మీద కళ్ళారా చూశాను. నా కుశలం మా ఆయన తీసిన వీడియో రూపంలో చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

ముందుగా, శ్రమ తీసుకుని వచ్చినందుకు కృతజ్ఞతలు. పిలవని పేరంటానికి ఇంత ఠంచనుగా వచ్చేవాళ్ళు మా బంధువుల్లో కూడా లేరు. ముందురోజు సాయంత్రం గురువుగారింట్లో మాత్రం తమరు కనబడలేదు. ఆవిడ, ఇద్దరు చిన్న శిష్యులు, కూరగాయల సంచీతో ఆగిపోయిన పక్కింటావిడ, ఇంతమంది ముందు పాడాను. ఒక్క అక్షరం జారలేదు. “ఇంక నీకు భయం పోయిందే” అన్నారు గురువుగారు. నేనూ నమ్మాను. తమరు తలుపు చాటున నుంచుని పాటలో ఎక్కడ చెయ్యి పెట్టాలో చూసుకుంటున్నారని నాకేం తెలుసు?

పదింటికి రమ్మన్నారు. త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు నాట రాగం నుంచి శ్రీరాగం దాకా అయిదూ గోష్ఠిగా, అంటే అందరం కలిసి పాడాం. అప్పుడూ మీ జాడ లేదు. నలభై గొంతుల్లో నా గొంతు ఏదో మీకు తెలియలేదు కాబోలు. గోష్ఠి అంటే నాకు పుట్టిల్లు. మరిచిపోతే పెదాలు కదిపితే చాలు, పక్కావిడ పాడేస్తుంది. తర్వాత తలా ఒక కీర్తన అన్నారు. నా పేరు జాబితాలో పద్దెనిమిదోది. మధ్యలో ఎవరెవరి మనవరాళ్ళో దూరి దాన్ని ఇరవై మూడు చేశారు. ఒంటిగంటన్నర అయింది. ఈలోగా తమరు తీరిగ్గా సామాను దించుకున్నారు. అరచేతుల్లో చెమట పెట్టారు. నోట్లో తడి తీసుకెళ్ళారు. నన్ను మూడుసార్లు గుడి వెనక్కి పంపించారు.

మీ గురించి చదివాను లెండి. ఎదురుగా ప్రమాదం కనబడితే ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది, పారిపోవడానికి వీలుగా గుండె కాళ్ళకి రక్తం తోస్తుంది, ఆ టైములో భోజనం పనిలేదు గనక నోరు ఎండిపోతుంది. మా ముత్తాతల ముత్తాతలు అడవిలో పులిని చూసినప్పుడు మీరు చేసిన మేలు మరిచిపోలేం. కానీ అయ్యా, ఆ రోజు నా ఎదురుగా ఉన్నది పులి కాదు, పులిహోర. మంటపం వెనక గంగాళంలో ఉంది, వాసన కూడా వస్తోంది. తమరు ఆ మాత్రం తేడా చూసుకోవద్దా?

మీ విరుగుడుకని ఊళ్ళో చెప్పని చిట్కా లేదు. మిరియాలన్నారు, పటికబెల్లమన్నారు. మా తోటికోడలు “ఎదురుగా ఉన్నవాళ్ళంతా క్యాబేజీలనుకో అక్కా” అంది. అనుకున్నాను. క్యాబేజీలు పాట మధ్యలో ఫోనెత్తి “ఆఁ, గుళ్ళో ఉన్నాన్రా, సిలిండర్ వచ్చిందా?” అని అడగవు. మైకు కుర్రాడు మాత్రం నిలబడి ఉపన్యాసం చెప్పేవాళ్ళ ఎత్తులో స్టాండు వదిలేసి టీకి వెళ్ళాడు. కింద కూర్చున్న నేను కొంగలా మెడ చాపి శ్రుతి అందుకున్నాను.

గొంతు వణకడం క్షమించేశాను. ఊపిరి నిలకడగా బయటికి రాకపోతే ఎవరి గొంతైనా వణుకుతుంది. కొందరు దాన్ని గమకం, అంటే స్వరాన్ని కావాలని ఊపి పాడడం, అనుకున్నారు కూడా. తాళం సంగతీ వదిలేశాను. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలని, అంటే ఎనిమిది లెక్కలని, ఆరేళ్ళ పిల్లలకీ తెలుసు. తమరి తొందరకి నా కుడిచెయ్యి ఆరున్నరకే చుట్టేసి లేవబోయింది. మృదంగం ఆయన పుణ్యాత్ముడు, దాన్ని పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. అరచేతిలో చెమట కూడా పోనిద్దును. కాకపోతే ఎడమచేతిలో బాల్‌పెన్నుతో చరణం మొదటి అక్షరాలు రాసుకున్నాను. అవి కరిగి ఉప్పాడ చీర మీదికి దిగాయి. సాహిత్యమంతా నా తొడ మీద ఉంది గానీ చదవడానికి వీల్లేదు.

ఇవన్నీ సర్దుకున్నాను. కానీ చరణంలో రెండో పాదం.

ఏడు మాటలండీ. అందులో రెండు ‘శ్రీ’లాంటి పొట్టి మాటలు. మూడు నెలలుగా బెండకాయలు తరుగుతూ పాడిన పాదం అది. భానుగుడి జంక్షన్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లోపల పాడాను. ఒకరాత్రి నిద్రలో కూడా పాడానట, మా ఆయన లేచి కూర్చున్నాడు. అలాంటి పాదం, మొదటి పాదం ముగించి ఊపిరి పీల్చుకునేసరికి లేదు. సగం గుర్తుండి సగం పోవడం కాదు. అక్కడ ఒక పాదం ఉండేదన్న ఆనవాలే లేదు.

మళ్ళీ మొదటి పాదం ఎత్తుకున్నాను. రెండోది రాలేదు. ఇంకోసారి పాడాను. అది రాలేదు. వయొలిన్ ఆయనకి అర్థమైపోయింది పాపం, రెండో పాదం వరసంతా మెల్లగా వాయించి అందించాడు. వరస అందింది, నాకూ తెలుసు. మాటలేవి? వయొలిన్‌కి నోరు లేదు, నాకు ఉండీ లేదు. నాలుగోసారి కూడా మొదటి పాదమే పాడేసరికి ముందు వరసలో కండువా పెద్దాయన పక్కాయనతో “భేష్, నెరవల్ ఎత్తుకుంది!” అన్నారు. నెరవల్ అంటే ఒకే పాదాన్ని కావాలని రకరకాలుగా తిప్పి తిప్పి పాడడం. ఏడవాలో నవ్వాలో తెలియక పల్లవికి పారిపోయి, అక్కడే ముగించి, దణ్ణం పెట్టి లేచాను.

ఇదీ సర్దుకునేదాన్నే. అప్పుడేం చేశారు తమరు? నేను పులిహోర దొన్నె పట్టుకుని చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళి, ఎడమకాలి చెప్పు వేసుకుని, కుడికాలు ఎత్తానో లేదో, ఆ పాదం వచ్చింది. మొత్తం. ఏడు మాటలూ విరుపులతో, శుభ్రంగా ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు.

ఇంతసేపూ ఎక్కడ పెట్టావయ్యా దాన్ని?

అవును, ‘అయ్యా’ దగ్గర నుంచి ‘వయ్యా’ దాకా వచ్చాను. దొంగతనం చేసినవాడు సొత్తు అమ్ముకుంటాడు, లేకపోతే పారేస్తాడు. నా పాదం నీకెందుకు పనికొచ్చింది? వాడుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క పది నిమిషాలు, నాకు అవసరమైన ఆ పది నిమిషాలు మాత్రం దాచి, చెప్పుల దగ్గర తెచ్చి చేతిలో పెట్టావు. అక్కడ ఎవరికి పాడను? ఒక్క కాలి మీద నుంచుని ఆ పాదం పాడాను కూడా, తెలుసా? శ్రుతిలో ఉంది! విన్నది ఒక కుక్క, చెప్పులకి కాపలా ఉన్న కుర్రాడు. వాడు “టోకెన్ ఇవ్వండమ్మా” అన్నాడు.

అదీ ఎవరి సాహిత్యం? త్యాగరాజస్వామిది. తెలుగు. తమిళనాడులో తెలుగు రాని విద్వాంసులు వేలమంది, మాట మాటా కంఠతా పట్టి, అర్థం అడిగి తెలుసుకుని, జీవితాంతం మరిచిపోకుండా పాడుతున్నారు. నేను పుట్టింది గోదావరి జిల్లాలో. నా పెళ్ళి, పోట్లాటలు, పాలవాడి లెక్క అన్నీ తెలుగులోనే. నా భాషలో పాదాన్ని నా నోట్లోంచి తీసుకోవడానికి నీకు చేతులెలా వచ్చాయి?

పైగా స్వామి పటం పక్కన ఆ రోజు బెంగళూరు నాగరత్నమ్మ గారి ఫొటో కూడా పెట్టారు. స్వామి సమాధి ఉన్న తిరువయ్యారులో ఆడవాళ్ళని ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో, 1927లో, విడిగా ఆడవాళ్ళ చేతే ఆరాధన చేయించిన తల్లి. స్వామి సమాధికి సొంత సొమ్ముతో గుడి కట్టించిన తల్లి. ఆవిడ అంత పోరాడి సంపాదించిన చోటులో నాకు ఏడు నిమిషాలు దొరికితే, వాటిలో రెండు నువ్వు మింగేశావు. ఆవిడ ఫొటో వైపు చూడలేక తాళం వైపు చూశాను. తాళం చూస్తే అది కూడా పరిగెడుతోంది.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోనులో నీ చరిత్ర వెతికాను. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బార్బ్రా స్ట్రయిశాండ్ అంతటి అమెరికన్ గాయనికి పాట మాటలు మరిచిపోయేలా చేశావట. ఆవిడ మళ్ళీ టికెట్టు పెట్టి కచేరీలు చెయ్యడానికి 27 ఏళ్ళు పట్టిందట. నాకా సౌకర్యం లేదు. 27 ఏళ్ళు ఆగితే నాకు 74 వస్తాయి, పళ్ళుండవు.

అన్నట్టు డెబ్బై అంటే గుర్తొచ్చింది. నేను దిగి వచ్చాక నా తర్వాతి వంతు ఒక మామ్మగారిది. మా ఊళ్ళో ఆవిడ పాటంటే చెవి కోసుకుంటారు. “బాగా పాడావే అమ్మాయ్” అని అబద్ధం చెప్పి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి నా చెయ్యికంటే చల్లగా ఉంది. “మీకు కూడానా మామ్మగారూ?” అన్నాను. “యాభై ఏళ్ళ నుంచీ వస్తాడు. రాకపోతే ఒంట్లో బాగాలేదేమోనని వాడి గురించి కంగారుపడతాను” అన్నారు. అని వెళ్ళి తోడి రాగం అందుకున్నారు. నేను పాట సగమే విన్నాను. మిగతా సగం నిన్ను వెతికాను. కనబడ్డావు. కొంగు చివర చుట్టి చుట్టి నలుపుతున్న ఆవిడ ఎడమచేతి వేళ్ళలో, బుద్ధిగా, అరుగు మీద చుట్టంలా కూర్చుని ఉన్నావు. ఒక్క మాట కూడా ముట్టుకోలేదు.

అంటే నీకు కూర్చోవడం వచ్చన్నమాట.

సరే, తమరికి మనవి. శ్రీరామనవమి పందిట్లో నా పేరు ఇచ్చేశారు గురువుగారు, నన్ను అడగకుండానే. సాయంత్రం ఆరున్నరకి. రావద్దంటే మానరు గనక పిలిచే మర్యాద నేనే దక్కించుకుంటున్నాను. పానకం ఉంటుంది, వడపప్పు ఉంటుంది. చేతులు చల్లబరుచుకోండి, గుండె కొట్టుకోండి, నోరు ఎండబెట్టుకోండి. ఎడమచేతి పక్కన చోటు ఉంచుతాను. చరణం వచ్చినప్పుడు మాత్రం దయచేసి పానకం తాగడానికి వెళ్ళండి.

ఇట్లు,
ఒక పాదం తక్కువైన గాయని

తా.క.: ఈసారి ఆ పాదం మొదటి అక్షరాలు అరచేతిలో గోరింటాకుతో పెట్టించుకుంటున్నాను. ఎర్రగా పండుతుందని మా తోటికోడలు హామీ ఇచ్చింది. ఎంత చెమట పట్టిస్తారో పట్టించుకోండి.