బంతిని కాస్త వాల్చి పట్టుకోండి

పిల్లలకు బంతిని భూమిగా, టార్చిని సూర్యుడిగా పెట్టి, బంతి మీద టార్చి వేసి పగలూ రాత్రీ చూపించమని ఒకరు రాశారు. బాగుంది. కానీ బంతిని నిటారుగా తిప్పి వదిలేశారు. భూమి వాలి ఉన్నట్టే 23.5 డిగ్రీలు వాల్చకపోతే ఎండాకాలం, చలికాలం దగ్గర పిల్లలు ఇరుక్కుంటారు. సూర్యుడు దూరమైతే చలి అనేస్తారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, మనం సంక్రాంతి చలికి వణికే రోజుల్లోనే!

మా శ్రీకాకుళం పిల్లలకైతే టార్చి కన్నా మంచిది అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి. ఏటా మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. రెండుసార్లే ఎందుకంటే, భూమి ఇలా వాలి ఉండటం వల్ల సూర్యుడు రోజూ ఒకేచోట పొడవడు. డిసెంబరులో ఆగ్నేయం వైపు, జూన్‌లో ఈశాన్యం వైపు జరుగుతాడు. వెళ్తూ ఓసారి, వస్తూ ఓసారి గుడి వాకిలికి ఎదురవుతాడు. ఇది చెప్తే మా మేనకోడలు "మరి మబ్బేస్తే?" అంది. మబ్బేస్తే అంతే, జనం ఉసూరుమంటూ తిరిగొచ్చిన ఏళ్లూ ఉన్నాయి.

గుడి దాకా వెళ్లలేకపోతే డాబా చాలు. ఒకేచోట నిలబెట్టి, సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కన పొడుస్తున్నాడో నెలకోసారి బొమ్మ గీయించండి. సంక్రాంతికి మొదలుపెడితే ఉగాది నాటికి తేడా వాళ్లే చెప్తారు.