‘సెన్సారే బ్రో’ అని చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్న సుబారు కొనకండి

డాలస్ చుట్టుపక్కల చదువుకునే, ఉద్యోగాలు చేసే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సుబారు కంపెనీ టర్బో స్పోర్ట్స్ కార్ల గురించి ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “మాడిఫై చేసిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, ఎస్టీఐ కార్లకు చెక్ ఇంజిన్ లైటు మామూలే. డౌన్‌పైప్ మార్చి ఉంటారు, అందుకే పీ0420 కోడ్ వస్తుంది. వంద డాలర్లు పెట్టి సెన్సార్ మారిస్తే పోతుంది, లేదంటే స్కానర్‌తో క్లియర్ చేసుకోవచ్చు. టెక్సస్‌లో ఇన్‌స్పెక్షన్ ఎలాగూ ఎత్తేశారు. లైటు చూపించి రెండు మూడు వేలు తగ్గించి కొనేయండి.”

ఇందులో డౌన్‌పైప్ గురించి చెప్పింది సగం నిజం. మిగతాది నమ్మితే ఫీజుకో, ఇంటికి పంపడానికో దాచుకున్న డబ్బు ఇంజిన్ కింద పోయాల్సి వస్తుంది. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే మొదటి గొట్టాన్నే డౌన్‌పైప్ అంటారు. కంపెనీ వేసిన గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), అంటే పొగలోని విషవాయువులను తగ్గించే భాగం ఉంటుంది. పవర్ కోసం దాన్ని తీసేసి ఖాళీ గొట్టం బిగించిన కారులో పీ0420, అంటే ‘క్యాట్ సరిగ్గా పనిచేయడం లేదు’ అనే కోడ్, రావడం సహజమే. రోడ్డు మీద తిరిగే కారుకి క్యాట్ తీసేయడం అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధమని కూడా ఆ మెసేజ్‌లో రాసి ఉంటే బాగుండేది. సరే, కోడ్ ఎలా వస్తుందో చూడండి. క్యాట్‌కి ముందొకటి, వెనకొకటి పొగలో ఆక్సిజన్‌ని చూసే సెన్సార్లు ఉంటాయి. క్యాట్ సరిగ్గా పనిచేస్తుంటే వెనక సెన్సార్ రీడింగ్ నిలకడగా ఉంటుంది. క్యాట్ లేకపోతే వెనకది కూడా ముందుదానిలాగే పైకీ కిందికీ ఊగుతుంది. కంప్యూటర్ రెండింటినీ పోల్చి చూసి కోడ్ రాసుకుంటుంది. అంటే వెనక సెన్సార్ చెడిపోలేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. దాన్ని పీకి కొత్తది పెడితే కొత్తదీ అదే చెబుతుంది. వంద డాలర్లు పోతాయి, లైటు మాత్రం పోదు.

పైగా క్యాట్ చక్కగా ఉన్నచోటే ఉన్న కార్లలో కూడా ఇదే కోడ్ వస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, మిస్‌ఫైర్ అవుతున్నా (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోయినా), పెట్రోలు ఎక్కువగా పడుతున్నా కొన్నాళ్లకు క్యాట్ పాడవుతుంది. అప్పుడు అసలు జబ్బు ఇంజిన్‌లో ఉంటుంది, పీ0420 దాని వల్ల కనిపించే లక్షణం మాత్రమే. అమ్మేవాడు డౌన్‌పైప్ మార్చానంటే బిల్లు అడగండి, మార్చిన పార్టులకు తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, అంటే ట్యూన్, ఎవరు చేశారో అడగండి. సుబారులో ఎయిర్ ఇన్‌టేక్ మార్చి ట్యూన్ చేయించకపోతే కంప్యూటర్‌కి గాలి లెక్క తప్పుతుంది, పడాల్సినంత పెట్రోలు పడదు. కొందరు ట్యూనింగ్ పరికరాన్ని విడిగా అమ్ముకోవడానికి కారులో మళ్లీ కంపెనీ మ్యాప్ (మొదటి సెట్టింగులు) ఎక్కించేసి, మార్చిన పార్టులు మాత్రం అలాగే వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే భయపడాల్సిన కారు అదే.

ఇక “లైటు మామూలే” అనే మాట. మెసేజ్ మొత్తంలో నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఇంజిన్‌లో వచ్చే వందల రకాల కోడ్లకు డాష్‌బోర్డు మీద ఉన్నది ఒకటే లైటు. పీ0420 కోసం అది ఇప్పటికే వెలుగుతుంటే, రేపు ఇంకో కోడ్ వచ్చినా మీకు కొత్తగా ఏమీ కనిపించదు. మిస్‌ఫైర్ క్యాట్‌ని కాల్చేసేంత ముదిరితే లైటు టపటపా కొట్టుకుంటుంది, కానీ అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. పాత ఓనర్ ఆ లైటుకి అలవాటు పడిపోయాడంటే, అన్నాళ్లూ ఆ కారుకి ఏం జరిగిందో అతనికే తెలియదని అర్థం.

పోయిన చలికాలంలో ఫ్రిస్కోలోని ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో 2013 ఎస్టీఐ చూడడానికి తెలిసిన తమ్ముడితో పాటు వెళ్లాను. మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంది. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు పక్కన ట్రాక్షన్ లైటు వెలుగుతోంది, క్రూజ్ లైటు ఆరుతూ వెలుగుతోంది. అమ్మేవాడు “క్రూజ్ స్విచ్ వేరే ప్రాబ్లం” అన్నాడు. సుబారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే క్రూజ్, ట్రాక్షన్ లైట్లు కూడా దానితోపాటే వెలుగుతాయి. ఆ సంగతి అతనికి తెలియదో, తెలిసీ అన్నాడో మరి. స్కానర్ పెట్టాం. అతను చెప్పిన పీ0420 ఉంది. దాని కిందే పీ0304 కూడా ఉంది, అంటే నాలుగో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎంత లోడ్‌లో వచ్చిందో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో, అంటే కోడ్ వచ్చిన క్షణంలో కారు దాచుకున్న రీడింగుల్లో రాసి ఉంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చింది.

నాలుగో సిలిండర్ అనగానే ఈ కార్ల గురించి తెలిసినవాళ్ల గుండె జారుతుంది. ఎస్టీఐలో ఉండే 2.5 లీటర్ల ఈజే257 ఇంజిన్‌లో పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు విరగడం పేరుమోసిన సమస్య. ఆ గట్టునే రింగ్‌ల్యాండ్ అంటారు. ట్యూన్ బాగాలేక ఇంజిన్ నాక్ అవుతుంటే (పెట్రోలు వేళకాని వేళ పేలుతుంటే) ముందుగా దెబ్బతినేది సాధారణంగా నాలుగోదే. అమ్మేవాడు ఒప్పుకున్నాడు కాబట్టి కారుని షాపుకి తీసుకెళ్లి లీక్‌డౌన్ టెస్ట్ చేయించాం. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడినుంచి పోతోందో చూసే పరీక్ష అది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. నాలుగో దానిలోకి గాలి ఎక్కించగానే ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమని చప్పుడు, చెయ్యి పెడితే గాలి తగులుతోంది. రింగులు దాటి గాలి కిందికి వెళ్తోందని అర్థం. ఆ ఇంజిన్ విప్పి మళ్లీ కట్టాలంటే పార్టులు, లేబరు కలిపి ఐదంకెల దగ్గరికి వెళ్లడం మామూలే. అదీ “సెన్సారే బ్రో” అన్న కారు.

“స్కానర్‌తో క్లియర్ చేసుకోవచ్చు” అనేది తర్వాతి మాట. క్లియర్ చేస్తే లైటు ఆరిపోతుంది, నిజమే. కోడ్‌తో పాటు కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోతాయి. వాటినే రెడీనెస్ మానిటర్లు అంటారు. మళ్లీ అవి పూర్తయ్యేదాకా కారు కొన్నాళ్లు రకరకాలుగా తిరగాలి. 2001, ఆ తర్వాతి మోడళ్లకు టెక్సస్ ఎమిషన్ (పొగ కాలుష్యం) టెస్టులో ఒక్క మానిటర్ పూర్తికాకపోయినా ఊరుకుంటారు, రెండు మిగిలితే టెస్ట్ కుదరదంటారు. అన్నీ పూర్తయ్యేసరికి, క్యాట్ లేని కారులో పీ0420 మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కొనేవాళ్లకు ఇందులో ఒక మేలు ఉంది. బ్లూటూత్ స్కానర్ చవగ్గానే దొరుకుతుంది. కోడ్లు చెరిపాక కారు ఎన్ని మైళ్లు తిరిగిందో చాలా కార్లలో అది చూపిస్తుంది. లైటు లేదు, కానీ చెరిపి పన్నెండు మైళ్లే అయిందంటే మీరు బయల్దేరుతున్నారని తెలిసి చెరిపారన్నమాట. అమెరికాలో 2010 మోడళ్ల నుంచి దశలవారీగా పర్మనెంట్ కోడ్లు కూడా వచ్చాయి. వాటిని స్కానర్ చెరపలేదు, లోపం పోయిందని కారే తేల్చుకున్నాక చెరుపుకుంటుంది.

టెక్సస్ ఇన్‌స్పెక్షన్ సంగతి చిన్నదే. 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. ఎమిషన్ టెస్ట్ మాత్రం 17 కౌంటీల్లో అలాగే ఉంచారు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హూస్టన్ వైపు హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ఆస్టిన్ వైపు ట్రావిస్, విలియమ్సన్ అందులోవే. మనవాళ్లు ఎక్కువగా ఉండే అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, షుగర్ ల్యాండ్ అన్నీ వాటి కిందికే వస్తాయి. రెండేళ్ల నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న పెట్రోలు కారుకి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే టెస్ట్ ఫెయిలే. టెస్ట్ పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు.

“రెండు మూడు వేలు తగ్గించి కొనండి” అన్న సలహా ఇచ్చినవాళ్లు టెక్సస్ పన్ను సంగతి చూసుకోలేదు. ప్రైవేటుగా కొన్న పాత కారుకి 6.25 శాతం సేల్స్ ట్యాక్స్. మీరిచ్చిన ధర, రాష్ట్రం ఆ కారుకి కట్టిన ప్రామాణిక విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. ఉదాహరణకు ఆ విలువ 20,000 డాలర్లనుకోండి. అమ్మేవాడు 16,000 అడిగితే, లైటు సాకుతో మూడు వేలు తగ్గించి మీరు 13,000కే కొన్నా పన్ను 16,000 మీదే పడుతుంది. తప్పించుకోవాలంటే కారు విలువ అంతే అని లైసెన్సున్న డీలర్‌తోనో, ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌తోనో అప్రైజల్ రాయించుకోవాలి. ఈ ఖర్చు ఎలాగోలా భరించినా, తగ్గించుకున్న రెండు వేలతో ఈజే257 బాగుపడదు.

చివరికి ఒక మాట ఎప్పుడూ వినిపిస్తుంది: “మెకానిక్‌కి చూపిస్తానంటే వేరేవాళ్లకి అమ్మేస్తాడు, మంచి డీల్ పోతుంది.” పోనివ్వండి. డాలస్ ప్రాంతంలో అమ్మకానికి వచ్చే డబ్ల్యూఆర్ఎక్స్‌లకు కొదవ లేదు. నిజంగా సెన్సార్ ఒక్కటే సమస్య అయితే, రెండు వేలు తగ్గించి అమ్మడానికి సిద్ధపడినవాడు వంద డాలర్లు పెట్టి దాన్నే మార్పించి ఉండేవాడు కదా. అతనితో గొడవ పడక్కర్లేదు. ఆ సెన్సార్ ఏదో అతన్నే వేయించమనండి, రెండు వారాలు మామూలుగా నడిపి ఎమిషన్ టెస్ట్ పాసైన కాగితంతో రమ్మనండి. లీక్‌డౌన్ టెస్ట్ ఖర్చు మీరు పెట్టుకుంటామని, అందులో కూడా ఇంజిన్ బాగుందని తేలితే అడిగిన ధర పైసా తగ్గించకుండా ఇస్తామని చెప్పండి.