మహారాజశ్రీ ఆర్వీ గారికి, అనగా చక్రాల మీద నడిచే ఇంటికి, ఉభయ కుశలోపరి

తమరి దివ్యసముఖానికి,

మేము ఇక్కడ క్షేమం. తమరు కూడా ట్యాంకులన్నీ ఖాళీ చేసుకుని, అద్దెకిచ్చిన ఆసామి ఇంటి పక్కన సుఖంగా నిలబడి ఉన్నారని తలుస్తాను. డాలస్ శివారులోని మా ఇంట్లో, ఎంతసేపు విప్పి ఉంచినా వేణ్ణీళ్లు వస్తూనే ఉండే కుళాయి కింద స్నానం చేసి, తల తుడుచుకుంటూ ఈ లేఖ రాస్తున్నాను.

వసంతకాలం సెలవులకు తమరిని నాలుగు రోజులు అద్దెకు తెచ్చింది నేనే. "హోటల్ గదుల బాధ లేదు, ఇల్లే మనతో వస్తుంది" అని ఇంట్లో గొప్పగా చెప్పిందీ నేనే. "ఇల్లు కూడా వెంట వస్తే ఇక అది సెలవు ఎలా అవుతుంది?" అని నా భార్య అడిగింది. ఆవిడకు సాహసం అంటే పడదని సరిపెట్టుకున్నాను.

ఇంటర్‌స్టేట్ 30 రహదారి మీద తమరి నడక గురించి ఎక్కువ రాయను. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా పెద్దల్ని చూసిన కొత్తకోడలిలా ఒదిగి పక్కకు జరిగారు. గ్యాలనుకు ఎనిమిది మైళ్ల చొప్పున తాగారు. వెనక అలమారలో గిన్నెలు డాలస్ నుంచి టెక్సర్కానా దాకా భజన చేశాయి. ఆ తరువాత అలమార తలుపు తెరుచుకోవడంతో గరిటెలు కూడా గొంతు కలిపాయి. మా అమ్మ మాత్రం సీటు బెల్టు పెట్టుకుని, ప్రెషర్ కుక్కరును ఒళ్లో పట్టుకుని, "చిన్నప్పుడు ఎడ్లబండిలో తిరునాళ్లకు ఇలాగే వెళ్లేవాళ్లం నాయనా" అంది. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అసలు సంగతికి వస్తాను. తమరు మమ్మల్ని మోసుకెళ్లింది ఏ ఊరికి? ఆర్కాన్సా రాష్ట్రంలో, వాషిటా కొండల నడుమ ఉన్న హాట్ స్ప్రింగ్స్‌కు. పేరులోనే వేణ్ణీళ్లున్న ఊరు. ఒక్క కొండవాలు నుంచి 47 ఊటలు, రోజుకు సుమారు 7 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో 26 లక్షల లీటర్లు, 62 డిగ్రీల వేడి! కింద అగ్నిపర్వతమేమీ లేదు. కురిసిన వాన రాతి పగుళ్లలోంచి తీరుబడిగా మైలుకు పైగా లోతుకు దిగి, భూగర్భంలో కాగి, దారి దొరకగానే పైకి తన్నుకొస్తుంది. ఈ ప్రయాణానికి దానికి నాలుగు వేల ఏళ్లకు పైనే పడుతుంది. మొహెంజొదారో వాళ్లు ఇటుకలతో స్నానవాటికలు కట్టుకుంటున్న రోజుల్లో పడిన చినుకులు ఇప్పుడు పొగలు కక్కుతూ బయటికి వస్తున్నాయన్నమాట. అమెరికా ప్రభుత్వం ఈ ఊటల చోటును 1832లోనే ప్రత్యేకించి కాపాడింది. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానం పుట్టడానికి అప్పటికి ఇంకా నలభై ఏళ్లుంది. ఈ చోటు కూడా 1921లో జాతీయ ఉద్యానమైంది.

అంతటి ఊరికి తమరు కడుపులో పెట్టుకుని తెచ్చిన వేణ్ణీళ్లు ఎన్ని? ఆరు గ్యాలన్లు. ఇరవై మూడు లీటర్లు. మా తాతగారి పెరట్లో పొయ్యి మీద ఉండే కాగు ఇంతకు రెండింతలుండేది. తలకు షాంపూ పట్టించేంతవరకు వేడిగా, కడుక్కునే సమయానికి ఐసుగడ్డలా. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్న సామెతను తమరు ఇలా అర్థం చేసుకున్నారని ముందే తెలిస్తే బాగుండేది.

మేము బస చేసింది ఉద్యానంలోనే ఉన్న గల్ఫా గార్జ్ అనే క్యాంపు స్థలంలో. పక్కన సెలయేరు, చుట్టూ చెట్లు, ముందు వచ్చినవారికి ముందు చోటు. ప్రతి చోటుకూ కరెంటు, మంచినీళ్ల కుళాయి, మురుగు గొట్టం ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, స్నానాల గది. జనం స్నానాలకోసమే వెళ్లే ఊళ్లో! ఆ విధంగా మా ఐదుగురి శుచీశుభ్రతలు తమరి ఆరు గ్యాలన్ల దయకు వదిలేయబడ్డాయి.

తమరి తిండి గది ఒక పక్కకు ఒరగకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టి, కరెంటు తీగ, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం తగిలించేసరికి రెండు గంటలు పట్టింది. ఆసుపత్రి మంచం మీద రోగిలా అన్ని గొట్టాలతో పడుకున్న తమరిని మళ్లీ లేపి ఊళ్లోకి తీసుకెళ్లే ధైర్యం ఎవరికుంది? లేపినా, సెంట్రల్ అవెన్యూలో తమరి ఇరవై ఎనిమిది అడుగులను ఎక్కడ ఆపాలి? ట్యాక్సీ పిలిచాం. ఇంజను ఉన్న ఇంటిని అద్దెకు తెచ్చుకుని, దాని గుమ్మం ముందు నిలబడి ట్యాక్సీ కోసం ఎదురుచూస్తున్న మమ్మల్ని, పక్క చోటులో మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన జాలిగా చూశాడు. ఆయన ఆర్వీ వెనకాల ఒక చిన్న కారు కట్టి ఉంది. అనుభవజ్ఞుడు.

ఊరు మాత్రం చూడదగినదే. ఒకే వరుసలో ఎనిమిది పాత స్నానశాలలు. 1915లో తెరిచిన ఫోర్డైస్ ఇప్పుడు సందర్శకుల కేంద్రం. పాలరాయి, రంగుటద్దాల పైకప్పు, వ్యాయామశాల, నేలమాళిగలో బౌలింగ్ ఆట కూడా. స్నానానికి వెళుతున్నాడో రాజ్యాభిషేకానికి వెళుతున్నాడో మనిషికి తెలియకుండా కట్టారు. చికాగో నుంచి నేరముఠా నాయకుడు అల్ కపోన్ కూడా వచ్చి ఇక్కడ సేదతీరేవాడు. అన్ని పాపాలు చేసినవాడికి ఎన్ని స్నానాలైనా చాలవు కదా. ఈ స్నానశాలల్లో తెల్లవారికి ఒళ్లు రుద్దిన నల్లజాతి పనివారికి చాలాకాలం అవే తొట్లలో మునిగే హక్కు లేదని కూడా అక్కడే తెలుసుకున్నాను. పాలరాయి మీద నా మోజు కొంత తగ్గింది.

1912 నుంచి నడుస్తున్న బక్‌స్టాఫ్‌లో పాత పద్ధతిలోనే స్నానం చేయిస్తారు. దుప్పటి చుట్టి లోపలికి తీసుకెళ్లి, మెడ దాకా వేణ్ణీళ్లున్న తొట్లో పడుకోబెట్టారు. సహాయకుడు చేతికి గరుకు తొడుగు వేసుకుని వీపు రుద్దాడు. ఆ తరువాత వేడి గుడ్డల కాపడం, తల మాత్రం బయట ఉంచి ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టడం, నలువైపుల నుంచి సూదుల్లా తగిలే జల్లు. సున్నిపిండి, కుంకుడుకాయ రసం లేవు కానీ మిగతాదంతా మా అమ్మమ్మ చేయించే దీపావళి తలంటే. నలభై రెండేళ్ల వయసులో ఒకరు నాకు స్నానం చేయిస్తుంటే కళ్లు చెమర్చాయి. ఆవిరివల్లే అని ఇంట్లో చెప్పాను.

ఆ సాయంత్రం చేతికి తొడుగు వేసుకోవడం నా వంతైంది. మోచేతుల దాకా ఉండే రబ్బరు తొడుగు.

విషయం తమరికి తెలిసిందే. మురుగు గొట్టం తగిలించాం కదా, వాల్వు తెరిచి ఉంచితే ఎప్పటిదప్పుడు పోతుందని లెక్కవేశాను. ఇంజినీరును మరి. పోయింది, నీరు మాత్రమే పోయింది. మిగిలిన పదార్థం, మరుగుదొడ్డి మురుగు చేరే తమరి బ్లాక్ ట్యాంకు అడుగున చీమల పుట్టలా పేరుకుని గట్టిపడింది. వాల్వు మూసి ఉంచి, ట్యాంకు బాగా నిండాక ఒక్కసారి వదలాలట. ఈ రహస్యాన్ని మడత కుర్చీ పెద్దాయన మూడో రోజున, ముక్కు మూసుకుని చెప్పాడు. బకెట్లకొద్దీ నీళ్లు పోశాను, ఆగాను, మళ్లీ పోశాను. గొట్టంలో మొదటి గుడగుడ వినిపించినప్పుడు మా పిల్లలు చప్పట్లు కొట్టారు. పొద్దున రుద్దించుకున్న వీపంతా చెమటే. కడుక్కుందామని లోపలికి వెళితే, ఆరు గ్యాలన్లూ అప్పటికే అయిపోయాయి.

ఇదంతా చూస్తూ కూర్చున్న మా అమ్మ మర్నాడు పొద్దున మూడు క్యాన్లు, ఒక స్టీలు చెంబు సంచీలో వేసుకుని ట్యాక్సీ పిలవమంది. పార్కు కార్యాలయం పక్కన ఊట నీళ్లు ఎవరైనా ఉచితంగా పట్టుకునే కుళాయిలున్నాయి. ఊళ్లోవాళ్లు క్యాన్లతో వచ్చి నింపుకుంటున్నారు. "మన వీధి కుళాయే కదరా, కొట్లాట ఒక్కటే తక్కువ" అని అమ్మ వరుసలో నిలబడింది. చెయ్యి పెడితే చురుక్కుమనే నీళ్లు. తిరిగొచ్చి, తమరి షవరు గదిలో బకెట్ పెట్టుకుని, చన్నీళ్లు కలుపుకుని, చెంబుతో తలారా పోసుకుని, జుట్టుకు తుండు చుట్టుకుని బయటికి వచ్చింది. తమరి వేణ్ణీళ్ల ట్యాంకు ఆ పూట ఆపేసే ఉంది.

మిగిలిన నీళ్లతో కాఫీ పెట్టింది. నీళ్లకు ఏ వాసనా లేదు. గంధకపు కంపు కొడుతుందని భయపడిన నా భార్య రెండో కప్పు కూడా తాగింది.

ఇట్లు,
తమరి మాజీ డ్రైవరు, ప్లంబరు

తా.క.: డ్రైవరు సీటు పక్కన కప్పు పెట్టుకునే గుంటలో పాతిక సెంట్ల నాణెం ఒకటి వదిలాను. 2010లో హాట్ స్ప్రింగ్స్ పేరుమీద ముద్రించినది. పార్కు కార్యాలయం గుమ్మం, ముందు ఫౌంటెన్ దాని మీద ఉంటాయి. నాలుగు రోజులూ కొండకు ఇవతలే కట్టేసి ఉంచాం కదా, తమరు ఊరు చూడనే లేదు.