మినాక్స్ గారికి, గొలుసు విషయమై

మినాక్స్ కెమెరా గారికి,

నమస్కారం. తమరు గూఢచారి కాదని, ఊరికే పడ్డ నింద అని మీ అభిమానులు వాదిస్తుంటారు. మీకు తగిలించిన ఆ గొలుసు చూడకపోయుంటే నేనూ నమ్మేవాణ్ణే.

నిజమే, మిమ్మల్ని కన్న వాల్టర్ జాప్ మనసులో కుట్రేమీ లేదు. ఎప్పుడూ జేబులో పడి ఉండే కెమెరా కావాలనుకున్నాడు, అంతే. 1938లో లాట్వియా రాజధాని రీగాలో స్టీలు ఒంటితో బజారుకొచ్చారు. తర్వాత యుద్ధం, రీగా చేతులు మారడం. 1945లో జాప్ జర్మనీలోని వెట్స్‌లార్‌లో మీ పేరు మీదే కంపెనీ పెట్టాడు. ఊరేమో పేరుమోసిన కెమెరాల కంపెనీ లైకాది! డబ్బేమో గీసెన్ దగ్గర హోయ్‌షెల్‌హైమ్‌లోని ఒక చుట్టల కంపెనీది. 1948 నుంచి అక్కడే తయారయ్యారు, ఈసారి అల్యూమినియం ఒంటితో, చిక్కి. చుట్టల వాళ్లకి మీరు నచ్చడంలో వింతేముంది? అగ్గిపెట్టెలా లాగితే తెరుచుకుంటారు, నొక్కితే మూసుకుంటారు. పాత మోడళ్లలో అలా లాగి మూసిన ప్రతిసారీ, ఫొటో తీసినా తీయకపోయినా, ఫిల్ము ముందుకి జరిగిపోయేది. చుట్టాలకి చూపించి మురుద్దామన్నా ఒక ఫ్రేము ఖర్చే.

1950లో జాప్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. మీరు మాత్రం ఉన్నారు, గొలుసుతో సహా.

ఇక ఆ గొలుసు సంగతి. దానికి అక్కడక్కడా ఉన్న పూసలు సింగారానికి కాదు, దూరం కొలవడానికి. 20 సెంటీమీటర్ల నుంచి మొదలు. పూసని కాగితం మీద ఆనించి, గొలుసు బిగువుగా లాగి, బటన్ నొక్కితే సరి, అక్షరం చెదరదు. చిటికెన వేలి గోరంత నెగటివ్‌లో పేజీ మొత్తం పడుతుంది. జానెడు దూరం నుంచి పెళ్లికూతురి ఫొటో ఎవరు తీస్తారండీ? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, మెడలోనే కొలబద్ద వేసుకు తిరిగేవాళ్లని మిమ్మల్నే చూశాం. అమెరికా నేవీలో పనిచేసిన జాన్ వాకర్ సోవియట్‌కి రహస్యాలు చేరవేసి 1985లో పట్టుబడ్డాడు. వేలు ఆయనది, కన్ను మీది.

అయినా ఆ చెడ్డపేరే మిమ్మల్ని కాపాడిందని నా అనుమానం. జపాన్ కెమెరాల దెబ్బకి జర్మనీలో బుద్ధిమంతులైన చిన్న కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి. మీది 1996లో లైకా చేతికి వెళ్లేదాకా నెట్టుకొచ్చింది.

జవాబు మామూలు కాగితం మీద రాసి పోస్టులో వేయండి. గోరంత ఫిల్ము మీద పంపితే చదవడానికి నా దగ్గర భూతద్దం లేదు.

ఇట్లు,
సెల్‌ఫోన్‌తో ఆధార్ కార్డు తప్ప మరే పత్రమూ ఫొటో తీయని ఒక అమాయకుడు