బంజరు అనకండి
కర్నూలు వైపున్న రోళ్లపాడు అభయారణ్యం మీద మీ వ్యాసం బాగుంది గానీ, ఆ గడ్డి నేలను "బంజరు" అనడం నచ్చలేదండీ. తొలకరి పడ్డాక మోకాళ్ల మీద కూర్చుని చూడండి, ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు (ఎనిమిది కాళ్లుంటాయి, లెక్కకి సాలీడు చుట్టాలు), దుబ్బుల్లో మిడతలు, ప్యాంటుకి గుచ్చుకునే ఆ గడ్డి గింజ ఉంది చూడండి, దాని తోకకి తడి తగిలితే మెలికలు తిరుగుతూ గింజని నేలలోకి దించేస్తుంది! బట్టమేక పిట్టకి (గడ్డి మైదానాల్లో బతికే పెద్ద పక్షి, ఇప్పుడు చాలా అరుదు) మిడతలంటే ప్రాణం, గుడ్డు మాత్రం ఉత్త నేల మీదే, అదీ సాధారణంగా ఒక్కటే, మంద తొక్కితే ఇక అంతే. 1988లో దాని కోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు వెళ్తే కనిపించేది కృష్ణజింకలే. పైగా వ్యాసం కింద వ్యాఖ్యల్లో ఎవరో అక్కడ చెట్లు నాటమంటున్నారు, వద్దు బాబూ, బట్టమేకకి కావాల్సింది చుట్టూ కనిపించే ఖాళీ మైదానమే.